రీలు లేని కెమెరా

"అమ్మమ్మా, ఫోన్ నిండిపోయింది. నీ ప్రాక్టీస్ ఫోటోలన్ని తీసేస్తున్న," అంది సింధు హాల్లోంచి. నేను వంటింట్లో ప్రయాణానికని కారప్పొడి జల్లిస్తున్నాను. జల్లెడ చేతిలో పట్టుకునే బయటికి ఉరికాను. నా మోకాళ్లకు ఉరకడం అనేది చాలా పెద్దమాట, అయినా ఉరికాను. "ముట్టకు! ఒక్కటి గూడ ముట్టకు!" అని ఎంత గట్టిగా అరిచానంటే పక్కింటావిడ కిటికీ తెరిచి చూసింది. పిల్ల బిత్తరపోయి ఫోన్ దివాన్ మీద పడేసింది. "గిన్ని కుక్కర్ ఫోటోలు ఎందుకమ్మమ్మా నీకు? సగం వంకరున్నయి, సగంట్ల నీ బొటనవేలే ఉన్నది," అంది. దాని మాట నిజమే. జల్లెడలోని కారం ఇద్దరి ముక్కుల్లోకీ పోయి చాలాసేపు తుమ్ముతూనే ఉన్నాం. నేను కళ్లు తుడుచుకుంటుంటే అది కారం వల్లనే అనుకుంది.

సింధు నా బిడ్డ లతకు బిడ్డ. లత మస్కట్లో నర్సు. పిల్ల నా దగ్గరే కరీంనగర్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఈ దసరా సెలవులకు నన్నూ సింధునూ రమ్మని లత టికెట్లు పంపింది. పిల్లలకు పాఠాలు చెబుతూ ప్రపంచపటం మీద బెత్తం పెట్టి దేశాలన్నీ చూపించిన పంతులమ్మనే గానీ నేను విమానం ఎక్కింది లేదు. "అమ్మా, వచ్చేలోపల ఫోన్ల ఫోటోలు తీసుడు నేర్చుకో. ఈడికొచ్చి ప్రతి రాయికాడ నన్ను నిలవెట్టి తియ్యమంటే నాతోని గాదు," అని బిడ్డ హుకుం జారీ చేసింది. దానితో మనుమరాలు నాకు టీచరైంది. పొద్దున కుక్కర్, మధ్యాహ్నం గేటు మీది పిల్లి, సాయంత్రం మానేరు డ్యాం కట్ట మీద పొద్దుగూకడం. చెయ్యి వణికితే తిట్టు, వేలు అడ్డమొస్తే తిట్టు. నా దగ్గర చదివిన పిల్లలందరి ఉసురు తగిలిందనుకున్నాను. లైబ్రరీ నుంచి ఆ దేశం గురించి ఒక పుస్తకం తెచ్చుకుని కళ్లద్దాలు తుడుచుకుంటూ అదీ చదువుతున్నాను.

ఆ ముందురోజే సజ్జ మీది నుంచి మా నాన్న సందూక దింపాం. నాన్నను మేం బాపు అంటాం. సందూక అంటే రేకుపెట్టె. పోయిన యేడు బాపు చనిపోయాక లక్సెట్టిపేట నుంచి నాతోపాటు వచ్చిన సామాను అదొక్కటే. మూత మీద నీలిరంగుతో రాసిన బాపు పేరు సగం లేచిపోయింది. లోపల పాత తెల్ల దోతి ఒకటి, దానిలో చుట్టి తోలుసంచిలో కెమెరా. సింధుకు పాత వస్తువులంటే ఇష్టం. సంబరంగా కెమెరా వెనుక తలుపు తెరిచి వెలుతురుకు పెట్టి చూసింది. "ఇండ్ల రీలు లేదమ్మమ్మా," అంది నిరాశగా. "అండ్ల ఎన్నడు గూడ లేకుండె," అన్నాను నేను. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

నా చిన్నప్పుడు లక్సెట్టిపేటలో మా ఇల్లు గోదావరి వైపు వాడలో చివరిది. సాయంత్రమైతే నది మీది నుంచి తడిగాలి వచ్చేది, దానికి ఎదురుగా మా ఇంట్లోంచి బీడీల పొగాకు వాసన పోయేది. అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చేసేది. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, పక్కన పొగాకు పొడి. మాట్లాడుతున్నా, మమ్మల్ని తిడుతున్నా, ఏడుస్తున్నా ఆమె వేళ్లు మాత్రం చుడుతూనే ఉండేవి. ఆమె కొంగులో, జుట్టులో, మాకు కలిపిపెట్టే అన్నం ముద్దలో కూడా ఆ వాసనే. మా చెల్లె రాజి అవ్వ మెడలో తల దూర్చి తుమ్మి, "అవ్వ వాసన," అని నవ్వేది. బాపుకు కొంచెం చెలక భూమి ఉండేది. ఆ రోజుల్లో వరుసగా వానలు ముఖం చాటేస్తే బావి అడుగున రాళ్లు తేలాయి. బాపు పొద్దున్నే పోయి బావిలోకి తొంగిచూసి వచ్చేవాడు. వచ్చి చెప్పులు విడిచి కూర్చునేవాడు. మా వాడలో అప్పటికే మగవాళ్లు ఒక్కొక్కరే దుబాయి పోతున్నారు. పోయింది మస్కట్ అయినా, కువైట్ అయినా మాకు దుబాయే.

అవ్వ తమ్ముడు, మా మామ, అప్పటికే మస్కట్లో ఉన్నాడు. సెలవు మీద వచ్చిన ఎవరో ఆయన మాటలు నింపిన టేపు తెచ్చిచ్చారు. టేప్ రికార్డర్ ఉన్న ఇంట్లో వాడంతా చేరి విన్నాం. "అక్కా, ఏడువకు. బావా, జర మంచిగ ఇను. మా రూముకాడ ఒక ఫోటో స్టూడియో ఉన్నది. మలయాళపాయన నడిపిస్తుండు. మనిషి కావాలంటుండు. ఎండల పని గాదు బావా, నీడపట్టు పని. నీకు ఫోటోలు తీసుడు వస్తదని చెప్పేసిన. వీజ వచ్చేదాంక నేర్చుకో, ఫికర్ జెయ్యకు." బాపు తన జన్మలో కెమెరా ముట్టింది లేదు. "నీ తమ్మునికి దిమాక్ ఉన్నదా? నాకు నాగలి వట్టుడు వస్తది గని, ఫోటో తీసుడేంది?" అన్నాడు. అవ్వకు ఆ మాట చెవికెక్కలేదు. నీడపట్టు పని అన్న మాట దగ్గరే ఆగిపోయింది. దుబాయి ఎండకు కమిలిపోయి వచ్చినవాళ్లను ఆమె చూసింది. ఆ ముక్క మళ్లీ వినిపించమని టేపు వెనక్కి తిప్పించింది. ఇంటికొచ్చాక చాట ముందు కూర్చుని, "నేర్సుకుంటే రానిదేంది? పోరలకు నడుసుడు రాలేదా?" అంది. అట్లా మా బాపు ఫోటోగ్రాఫర్ కావడం ఖాయమైంది.

మంచిర్యాలలో మూసేస్తున్న ఒక స్టూడియోలో బాపుకు పాత కెమెరా దొరికింది. దానితో ఒక రీలు, అట్ట చినిగిన ఒక పుస్తకం. షాపాయన ఒక పూట కూర్చోబెట్టి ఏది ఎక్కడ తిప్పాలో చేతితో చూపించాడట. బాపు చిన్నప్పుడు ఉర్దూలో చదువుకున్నాడు, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. అందుకని దీపం పెట్టాక ఆ పుస్తకం నేను చదవాలి, ఆయన వినాలి. పుస్తకం భాషకు నాకే నోరు తిరిగేది కాదు. ముఖానికి ఒక పక్క నుంచి వెలుగు పడేటప్పుడు రెండో పక్క తెల్లని వస్త్రం ఉంచవలెనని ఒక పేజీ అంతా రాశారు. "అంటే ఏంది బిడ్డా?" అనేవాడు బాపు. "ఒక దిక్కు ఎండ వడ్తె ఇంకో దిక్కు తెల్లబట్ట పట్టాల్నట బాపూ." "గంతేనా? గింత ముచ్చటకు గంత లెక్చరా!" అని అవ్వకు చెప్పేవాడు. మర్నాడు తన పెండ్లి దోతి సందూకలోంచి తీసి నా చేతికిచ్చాడు. ఆ రోజు నుంచి నేను దోతి పట్టుకునే మనిషిని. రెండు చేతులూ చాపి దోతి పరిచి పట్టుకుని నిలబడితే నా ముఖం కూడా దాని వెనుకే దాగిపోయేది. చేతులు లాగినా దించడానికి లేదు, దించితే ముఖం మీద నీడ పడుతుంది.

కెమెరాలో రీలు మాత్రం వెయ్యలేదు. "రీలు ఖతమైతే మల్ల కొనే తాకత్ లేదు. పోయే ముందటి రోజు ఏస్త. అప్పుడు అందరం దిగుదాం," అని దాన్ని డబ్బాతో సహా సందూకలో లుంగీల మడతల మధ్య దాచాడు. మిగతాదంతా మాత్రం నిజం ఫోటో తీసినట్టే. ఎండ ఎటుందో చూసేవాడు, పుస్తకంలో లెక్క గుర్తుచేసుకునేవాడు, ఎడమకన్ను మూసేవాడు, ఊపిరి బిగపట్టేవాడు. టక్. తర్వాత పక్కనున్న పుల్ల తిప్పి, తర్వాతి ఫోటోకు తయారు. వాడంతా మా వాకిట్లోకి వచ్చి కూర్చునేది. పెద్దవాళ్లకు కెమెరా ఖాళీదని తెలుసు, అయినా జుట్టు దువ్వుకుని, మంచి చీర కట్టుకుని వచ్చి కూర్చునేవాళ్లు. "మనోడు నేర్సుకుంటుండు, కూసుంటె మనదేం పోతది," అనేవాళ్లు. తెలియనిది రాజికి ఒక్కదానికే. "చెల్లెకు చెప్పకు బిడ్డా, నవ్వుడు బంద్ జేస్తది," అని బాపు నాకు చెప్పాడు. నేను చెప్పలేదు.

రాజి పూర్తి పేరు రాజేశ్వరి. వేములవాడ రాజన్నకు మొక్కితే పుట్టిన పిల్ల. ఒక్కచోట నిలబడేది కాదు, అన్నం తింటూ కూడా గెంతేది. అలాంటిది కెమెరా ముందు మాత్రం బొమ్మలా నిలబడేది. మొదట్లో టక్ మన్న చప్పుడుకు భయపడింది గానీ తర్వాత ఆ చప్పుడు కోసమే ఎదురుచూసేది. చప్పుడు కాగానే, "దిగిందా బాపూ?" అని అడిగేది. "దిగింది బిడ్డా. మస్తు దిగినవ్." "ఏది, సూపియ్యి." "ఇప్పుడు ఇండ్లున్నది. కడిగిస్తే వస్తది. నేను దుబాయి పోయి కడిగిచ్చి పంపుత." ఆ మాట నమ్మి వాడంతా చెప్పుకొచ్చేది, నావి మస్తు ఫోటోలు డబ్బాలున్నయి, బాపు దుబాయి పోతే వస్తయి అని. బాపు చెలకకు పోయినప్పుడు తోలుసంచిని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేది. తన ఫోటోలు లోపల ఎట్లా ఉన్నాయో వినాలని.

వీజా ఇదిగో వస్తుంది అదిగో వస్తుంది అని మామ చెప్పి పంపేవాడు. చెప్పినప్పుడల్లా అవ్వ సందూక సర్దేది. మామిడికాయ తొక్కు, నువ్వుల పొడి, ఎండుకొబ్బరి కుడుకలు, చింతపండు, అన్నిటి మీదా గుడ్డ కట్టిన డబ్బాలో సకినాలు. బియ్యం కడిగి ఆరబోసి, పిండి పట్టించి, నువ్వులు, వాము వేసి, తెల్లగుడ్డ మీద వేళ్లతో చుట్లు చుట్లుగా పోసేది. బీడీలు చుట్టే వేళ్లు కదా, ఆమె సకినాలు గీసినట్టుగా గుండ్రంగా వచ్చేవి. నూనె వాసన వాడ చివరిదాకా పోయేది. "బాపుకు పెట్టినయి, ముట్టొద్దు," అని మాకు కాపలా. అంతలో వీజా రాలేదని కబురు. సకినాలు మెత్తబడితే పారేస్తామా, డబ్బా విప్పి మాకే పెట్టేది. రాజికి ఈ సంగతి పట్టుబడింది. ఒకరోజు దేవుని పటం ముందు కళ్లు మూసుకుని, "రాజన్నా, గీసారి గూడ వీజ రావద్దు," అని మొక్కుతుంటే బాపు విన్నాడు. కోప్పడతాడనుకున్నాను. వాకిట్లోకి వచ్చి గోడకానుకుని కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ప్రయాణానికి ముందు కోడె మొక్కు చెల్లించాలని అందరం వేములవాడ పోయాం. గుడి చుట్టూ కోడెను పట్టుకుని తిరిగి కట్టెయ్యడం అక్కడి మొక్కు. ధర్మగుండంలో మునిగి తడిబట్టలతోనే జనంలో నిలబడ్డాం. రాజి కోడె కొమ్ములను చూసి నా వెనుక దాక్కుంది, అది అటు తిరగగానే ముందుకొచ్చి తాడు కొస పట్టుకుని తనే నడిపిస్తున్నట్టు పోజు పెట్టింది. బాపు కెమెరా తీశాడు. నేను అక్కడ కూడా దోతి పరిచాను. జనం చూసి నవ్వారు. "దిగిందా బాపూ?" "దిగింది బిడ్డా." తిరుగు బస్సులో రాజి నా ఒడిలో పడుకుని ఆ ఫోటోకు అద్దం కట్టించి గోడకు ఎక్కడ పెట్టాలో చెప్పింది. దర్వాజ పక్కన పెట్టాలట, వచ్చేవాళ్లకు ముందు అదే కనబడాలట. ఇంటికి రాగానే అవ్వను సతాయించి అక్కడ మేకు కొట్టించింది.

ఆ యేడు వానలు బాగా పడ్డాయి. ఎందుకు పడ్డాయో, ముందే పడితే బాపు దుబాయి మాట ఎత్తకపోవునేమో. బావి నిండింది, దోమలు పెరిగాయి, వాడలో పిల్లలకు జ్వరాలు. రాజికి కూడా వచ్చింది. తగ్గింది, సకినం అడిగి తింది, మళ్లీ వచ్చింది. మళ్లీ వచ్చినప్పుడు మనిషిని గుర్తుపట్టలేదు. కరీంనగర్ దవాఖానకని బస్సులో తీసుకుని పోయారు. నన్ను ఇంట్లో ఉంచారు. నేను సందూక పక్కన కూర్చుని, వీజా ఇక రావద్దని నేను కూడా రాజన్నకు మొక్కాను. దానికీ దీనికీ సంబంధం ఏమిటో తెలియదు, చెల్లె మొక్కితే పలికిన దేవుడు కదా అనుకున్నాను. వాళ్లు కరీంనగర్ చేరలేదు. సగం దారిలోనే అవ్వ ఒడిలో పిల్ల పోయింది. మధ్యాహ్నానికి ఎవరిదో జీపులో తిరిగొచ్చారు. అవ్వ దిగలేదు. ఆమె ఒడిలోంచి చెల్లెను తియ్యడానికి ఆడవాళ్లు చాలాసేపు బతిమాలారు.

వాకిట్లో పడుకోబెట్టాక మా పెద్దనాయన బాపు దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "తమ్మీ, ఒక్క ఫోటో అన్న తియ్యి. ఇంట్ల పొల్లది ఒక్క ఫోటో లేదు. రేపు సూసుకుందామంటే ఏముంటది?" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు. అన్ని ఫోటోలు దిగిన పిల్ల, ఒక్క ఫోటో కూడా లేదు. నాకు తెలిసే ఉంది, కానీ ఆ మాట చెవిన పడేదాకా తెలియలేదు. బాపు లేచి లోపలికి పోయాడు. సందూక మూత చప్పుడైంది. రీలు డబ్బా పట్టుకుని వచ్చాడు. కెమెరా కూడా తెస్తాడని అందరం చూశాం. తేలేదు. చెల్లె పక్కన కూర్చుని, "నా బిడ్డ కండ్లు దెర్సుకోనే దిగింది అన్ని ఫోటోలు. కండ్లు మూసుకున్నది నాకొద్దు అన్నా," అన్నాడు. చిన్నపిల్లలను కాల్చరు, పూడుస్తారు. గోదావరి దిక్కు గుంతలో చెల్లెను దించాక బాపు రీలు డబ్బా తీసి ఆమె పక్కన పెట్టాడు. "గిది దీనిదే," అన్నాడు. ఎవరూ అడ్డం చెప్పలేదు.

ఆసారి వీజా ఆగలేదు. దినాలు కాగానే వచ్చింది. అవ్వ సందూక సర్దింది. తొక్కు పెట్టింది, కారం పెట్టింది. సకినాలు చెయ్యలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు మా ఇంట్లో సకినాల పిండి కలపలేదు, పక్కింటివాళ్లు పంపినా అవ్వ తలుపు దగ్గరే ఆపి వేరేవాళ్లకు ఇచ్చేసేది. బాపు బస్సెక్కేటప్పుడు తోలుసంచి భుజానికి ఉంది. నన్ను దగ్గరికి తీసుకుని, నా తల మీద చెయ్యి పెట్టి, ఎక్కాడు. బస్సు కదిలాక అవ్వ ఇంటికొచ్చి చాట ముందేసుకుంది. ఆ రోజు ఆమె చుట్టిన బీడీలన్నీ వదులుగా ఉన్నాయని కార్ఖానాలో తిప్పి పంపారు.

మస్కట్లో జరిగింది బాపు ఎన్నో ఏళ్లకు, తిరిగొచ్చాక, ఒక్కసారే చెప్పాడు. స్టూడియో ఆయన మంచివాడే. పని చూద్దామని తన షాపు కెమెరా, రీలు చేతికిచ్చి, ఫోటో కోసం వచ్చిన ఒక కుటుంబాన్ని ముందర నిలబెట్టాడు. మొగుడు, పెళ్లాం, చిన్న ఆడపిల్ల. బాపు పిల్లను ముందు నిలబెట్టాడు, వెలుగు చూసుకున్నాడు, తెల్లబట్ట సరిచేయించాడు. స్టూడియో ఆయన తల ఊపుతూ చూస్తున్నాడట. ఎడమకన్ను మూసి, ఊపిరి బిగపట్టి, టక్ మనిపించాడు. ఒకటి కాదు, కొన్ని తీశాడు. వాళ్లు సంతోషంగా వెళ్లిపోయారు. తర్వాత కడుగుదామని స్టూడియో ఆయన కెమెరా విప్పితే ఖాళీ. రీలు బల్ల మీదే ఉంది. "ఎందుకట్లయింది బాపూ?" అని అడిగాను. "ఏమో బిడ్డా. చెయ్యికి రీలు ఏసుడు అలవాటు లేకపాయె," అన్నాడు. అవ్వ మాత్రం ఒప్పుకోలేదు. ఆ పిల్లను చూసి కావాలనే వెయ్యలేదని ఆమె నమ్మకం. "ఇంకొగల్ల బిడ్డ ఫోటో తియ్యనీకి మనసు రాలేదు గాయినకు," అనేది. ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. నీడపట్టు పని పోయింది. బాపు రోడ్ల కంపెనీలో చేరి అన్నేళ్లూ ఎండలోనే చేశాడు. మేం ఏ ఎండకు భయపడి కెమెరా కొన్నామో ఆ ఎండే ఆయన్ను తిన్నది. తిరిగొచ్చిన రోజు గేటు దగ్గర నిలబడ్డ నల్లటి ముసలాయన మా బాపేనని గుర్తుపట్టడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

ఆయన వచ్చాక మొదటి పెత్రమాస. మా దిక్కు పెద్దల అమావాస్యను అట్లా అంటాం. ఆ పొద్దున చనిపోయిన పెద్దల ఫోటోలు తుడిచి, బొట్టు పెట్టి, దండలు వేసి, వండినవి ముందు పెట్టి, అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తాం. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. చిన్నపిల్లలకు పెత్రమాస లెక్క లేదు, వాళ్లు పెద్దలు కారు కదా. అయినా అవ్వ తాత ఫోటోకు, నాయనమ్మ ఫోటోకు దండలు వేశాక, దర్వాజ పక్కన రాజి కొట్టించుకున్న మేకుకు కూడా బంతిపూల దండ వేసింది. ఒట్టి గోడ, మేకు, దండ. దాని కింద చిన్న ఆకులో అన్నం. బాపు అది చూసి తల దించుకున్నాడు. అవ్వ ఆయన ముందుకొచ్చి కూర్చుంది. "ఫోటో లేకపాయె. నువ్వు జూసినవ్ గద. నేను చాట ముందట కూసుంటి, ఒక్కటి గూడ చూడకపోతి. జర ఒక్క ఫోటో చెప్పు," అంది.

బాపు తల ఎత్తి మేకు వైపు చూశాడు. తర్వాత ఎడమకన్ను మూశాడు. "దర్వాజ కాడ నిలవడ్డది. పొద్దటి ఎండ. ఎడమ చెంప మీద వడ్తున్నది. పచ్చ గౌను, కింద కుట్టు ఊసిపోయింది. రెండు జడలు, ఒక జడకు రిబ్బను లేదు. పన్ను ఊడింది గద, నోరు మూసుకోని నవ్వుతున్నది. కుడిచెయ్యి ఎన్కకు వెట్టుకున్నది. చేతుల ఏమో దాసింది. సకినమే ఉంటది, దొంగమొకంది." అక్కడికి వచ్చేసరికి బాపు నవ్వాడు. అవ్వ ఏడుస్తూ నవ్వింది. అది మా ఇంటి ఆచారమైంది. ప్రతి పెత్రమాసకు ఒక్క ఫోటో. వేములవాడలో కోడెతాడు పట్టుకున్నది, వానలో చూరు కింద అరచెయ్యి చాపింది, సందూకలో కూర్చుని తనను కూడా దుబాయి తీసుకుపొమ్మన్నది. ఎన్నడూ ఒకే ఫోటో రెండుసార్లు చెప్పలేదు. ఎప్పుడు చెప్పినా ఎండ ఎటు నుంచి పడుతున్నదో చెప్పేవాడు. చాలావాటిలో ఆ కుడిచెయ్యి వెనుకే ఉండేది. ఆ చేతిలో ఏముందో బాపు ఒక్కోసారి ఒక్కోటి చెప్పేవాడు, పల్లిపట్టి అనేవాడు, చాటలోంచి దొంగిలించిన తునికాకు అనేవాడు. ఆ ఒక్కచోటే నవ్వేవాడు. అవ్వ పోయాక కూడా ఆపలేదు. నా పెళ్లయి, లత పుట్టి, లతకు సింధు పుట్టాక సింధును ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పాడు.

ఇప్పుడు నా ఫోన్లో పిల్లి ఫోటోలే ఎన్నున్నాయో. ఎప్పుడు తీశానో, ఎండ ఎటుందో ఒక్కటీ చెప్పలేను. తీసినదాన్ని చూడాల్సిన పని లేదు, ఫోనే చూసి పెట్టుకుంటుంది. అందుకు ఫోన్‌ను తిట్టడం లేదు. అప్పుడు మా ఇంట్లో ఇదొక్కటి ఉంటే నా చెల్లె ముఖం నాకుండేది. వయసు మీద పడ్డకొద్దీ ఆ ముఖం కరుగుతోంది, ఎంత గుర్తుచేసుకున్నా ముక్కు దగ్గరికి వచ్చేసరికి సింధు ముక్కు వస్తోంది. కానీ ప్రాక్టీసే కదా, తీసేద్దాం అనే మాట మాత్రం నేను వినలేను. మా ఇంట్లో ప్రాక్టీసు తప్ప ఇంకేమీ జరగలేదు. నేను సింధు మీద అరిచింది అందుకేనని ఆ పిల్లకు చెప్పాను. మర్నాడు కాలేజీ నుంచి వస్తూ ఫోన్‌లో వేసే కార్డు ఒకటి కొనుక్కొచ్చి, నీ పిల్లి గూడ భద్రమమ్మమ్మా అంది.

ప్రయాణానికి ముందే పెత్రమాస వచ్చింది. బాపు లేని మొదటి పెత్రమాస. కరీంనగర్ ఇంటి గోడ మీద అవ్వ ఫోటో, దాని పక్కన లత ఫోన్లో తీసిన బాపు ఫోటో. దర్వాజ పక్కన, పాత ఇంటి నుంచి పీకి తెచ్చి కొట్టిన మేకు. సింధే దండలు గుచ్చింది. మేకుకు కూడా తనే వేసింది. ఆకుల్లో అన్నీ పెట్టాను, రాజి ఆకులో సకినం పెట్టాను, ప్రయాణానికని చేసినవే. దీపం వెలిగించాక ఇద్దరం కూర్చున్నాం. బాపు చెప్పే వేళ అది. ఇల్లంతా అదే మాట కోసం ఆగినట్టుంది. "ఇప్పుడు ఎవరు చెప్తరు అమ్మమ్మా?" అంది సింధు మెల్లగా.

బాపులాగా ఎడమకన్ను మూశాను. ఏమీ రాలేదు. దుఃఖం పొంగుకొచ్చింది. ఎదురుగా నిలబడి చూసింది ఆయన ఒక్కడే, ఆ ఫోటోలన్నీ ఆయన కంటిలోనే ఉన్నాయి, ఆయనతోనే పోయాయి. నేనెన్నడూ అక్కడ నిలబడలేదు. నేను నిలబడ్డది పక్కన. అది తోచగానే లేచి మేకు పక్కకు పోయి నిలబడ్డాను. రెండు చేతులూ చాపాను, దోతి పట్టుకున్నట్టు.

"దర్వాజ కాడ నిలవడ్డది. ముఖం నాకు కనవడ్తలేదు, దోతి అడ్డమున్నది. చెవి కనవడ్తున్నది. చెవి ఎనుక పుట్టుమచ్చ ఉన్నది, మీ ముత్తాత కెమెరాకు అది రాదు. మడిమెలు పైకి లేపి నిలవడ్డది, పొడుగు కనవడాల్నని. కుడిచెయ్యి ఎన్కకు వెట్టుకున్నది."

"ఆ చేతుల ఏముండె అమ్మమ్మా? సకినమే గద?"

"నా లంగ."

సింధు నా వైపు చూసింది. "చప్పుడుకు భయం గద దానికి," అన్నాను. "తర్వాత భయం పోయింది గని పట్టుకునుడు పోలేదు. దోతి కింది నుంచి చెయ్యి వెట్టి నా లంగ పిడికిట్ల పట్టుకునేది. టక్ మన్నంక గూడ ఇడిసేది గాదు. మీ ముత్తాత దిగింది బిడ్డా అన్నంకనే ఇడిసేది."

బాపుకు ఈ మాట ఎన్నడూ చెప్పలేదు. చెబితే సకినం పోతుంది, పల్లిపట్టి పోతుంది, ఆయన నవ్వే ఆ ఒక్కచోటూ పోతుంది. అందుకే ప్రతి పెత్రమాసకు నోరు మూసుకుని కూర్చున్నాను. ఇప్పుడు సింధు ముఖం కడుక్కుని వచ్చి, సాయంత్రం బతుకమ్మకు పూలు తేవాలని చెప్పులు వేసుకుంటోంది. నేను ఇంకా గోడ పక్కనే నిలబడి ఉన్నాను, చేతులు దించబుద్ధి కాలేదు. ఫోటో తీసినాయన లేడు, దిగిన పిల్ల లేదు. కానీ నా నడుము పక్కన ఆ పిడికిలి పట్టు మాత్రం ఇంకా తెలుస్తూనే ఉంది, దిగిందని ఎవరో చెప్పేదాకా విడవనట్టు.